“అయోగ్యముగా” అను మాటకు అర్థమేమి?

మన సంఘములలో అనేక స్థలములయందు నెలకొక ఆదివారమున ప్రభురాత్రి భోజన సంస్కారము జరుగుచుండును. ఆ దినమున ప్రసంగము ముగిసి, బోధకుడు బల్లమీది తెల్లని గుడ్డను తీయుసరికి కొందరు మెల్లగా లేచి వెలుపలికి పోవుదురు. మరికొందరు కూర్చుండిన చోటనే తలవంచుకొని, రొట్టెయు పాత్రయు తమ్మును దాటిపోవువరకు కదలకుందురు. కారణమడిగినయెడల వచ్చు ప్రత్యుత్తరము దాదాపు ఒక్కటియే: “నాకు యోగ్యత లేదండీ.” ఒకతె ఇంటిలో కోడలిపై కేకలు వేసినది. ఒకడు తన కోపమును జయింపలేకపోయెను. ఒక వృద్ధుడు చుట్ట మానలేకపోయెను. వీరు భక్తిహీనులు కారు. బల్లను తేలికగా చూచువారును కారు. భయభక్తులచేతనే వీరు ఆకలితో ఇంటికి పోవుచున్నారు.

అదే ఆరాధనలో, అదే వరుసలో, పొలముగట్టు తగవునుబట్టి అన్నతో పదియేండ్లనుండి మాటలాడని తమ్ముడు నిబ్బరముగా చేయిచాపి రొట్టె తీసికొనును. పనివాని కూలి నిలిపియుంచిన పెద్దమనిషి పాత్ర పుచ్చుకొనును. వారి మనస్సున ఏ భయమును పుట్టదు. తాము త్రాగుబోతులు కారు, వ్యభిచారులు కారు, ఆరాధన మానినవారు కారు గనుక తాము యోగ్యులమేయని వారి తలంపు.

రావలసినవారు రాకపోవుటకును, ఆగి ఆలోచింపవలసినవారు ఆగకపోవుటకును మూలమొక్కటేయని నా యభిప్రాయము. కొరింథీయులకు పౌలు వ్రాసిన మొదటి పత్రికయందు పదునొకండవ అధ్యాయము ఇరువదియేడవ వచనములోనున్న “అయోగ్యముగా” అను మాటను మనము సరిగా చదువకుండుటయే ఆ మూలము.

తెలుగు చెప్పు ఉపాధ్యాయుడనగుటచేత మొదట వ్యాకరణముతోనే ఆరంభించెదను. “అయోగ్యుడు భుజించెను” అనుట వేరు. “అయోగ్యముగా భుజించెను” అనుట వేరు. మొదటి వాక్యములో దోషము తినువానియందున్నది. రెండవ వాక్యములో దోషము తిను విధమునందున్నది. “మంచివాడు పాడెను,” “మంచిగా పాడెను” అను రెండు వాక్యములకు గల భేదమును మన పాఠశాలలో చిన్న తరగతి బాలుడైనను చెప్పగలడు. గ్రీకు మూలమునందును పౌలు వాడినది క్రియావిశేషణమే. మనిషి ఎట్టివాడు అని ఆ వచనము అడుగుటలేదు. ఆ భోజనము ఏ రీతిగా జరుగుచున్నది అని అడుగుచున్నది. ఇంత చిన్న ప్రత్యయమును దాటిపోయినందున ఎన్ని మనస్సులు నొచ్చినవో, ఎన్ని మనస్సులు మొద్దుబారినవో చెప్పనలవికాదు.

ఇక ఆ భోజనము ఏ రీతిగా జరుగుచుండెను? దీనిని తెలిసికొనుటకు కొరింథు పట్టణపు స్థితిని కొంత తెలిసికొనవలెను. ఆ పట్టణమును రోమీయులు క్రీ.పూ. 146లో నాశనము చేసిరి. క్రీ.పూ. 44లో జూలియస్ సీజరు దానిని తిరిగి స్థాపించి, దాస్యమునుండి విడుదల పొందినవారిని అనేకులను అచ్చట కాపురముంచెను. రెండు రేవులనడుమ నున్నందున వర్తకము పెరిగెను. క్రొత్తగా ధనము గడించినవారు పెరిగిరి. వారి ప్రక్కనే దాసులును కూలివారును పెరిగిరి. పౌలు అచ్చట ఏడాదిన్నర యుండి, డేరాలు కుట్టుకొని బ్రదుకుచు సువార్త ప్రకటించెను. తరువాత ఎఫెసులోనుండగా, ఇంచుమించు క్రీ.శ. 54 ప్రాంతమున, ఈ పత్రిక వ్రాసెను.

ఆ కాలమున క్రైస్తవులకు ప్రత్యేకమైన ఆరాధనాలయములు లేవు. విశాలమైన యిల్లు గలవాని యింట సంఘము కూడుకొనుచుండెను. గాయియు అనునతడు సంఘమంతటికి ఆతిథ్యమిచ్చినట్లు రోమా పత్రికలో చదువుచున్నాము. ఆ దినములలో రోమీయుల రీతిగా కట్టిన గొప్ప యిండ్ల భోజనశాలలో సాధారణముగా తొమ్మిదిమంది మాత్రమే ఒరగి భుజించుటకు వీలుండెను. తక్కినవారు ముంగిటనో వసారాలోనో కూర్చుండవలసినదే. అంతస్తునుబట్టి వడ్డన మారుటయు ఆ దేశాచారమే. యజమానుడు తనకును కొందరు ముఖ్యులకును మేలైన పదార్థములు పెట్టించుకొని, తక్కువవారికి నాసిరకపు తిండిని, నాసిరకపు ద్రాక్షారసమును పోయించుటను రోమీయుడైన ప్లినీ తన యుత్తరములలో నొకదానియందు గర్హించియున్నాడు. అతడు క్రైస్తవుడు కాడు. అట్టివానికే అది రోతగా తోచెను.

ఈ యాచారము ప్రభువు బల్లయొద్దకును ప్రాకినది. తీరికగలవారు ముందుగా వచ్చి, తాము తెచ్చుకొనినది తామే తినివేయుచుండిరి. యజమానుని పని ముగించుకొని ప్రొద్దుపోయిన తరువాత వచ్చు దాసునికి ఖాళీ పాత్రలు మిగులుచుండెను. ఒకడు ఆకలితో నుండగా ఒకడు మత్తుడై యుండెనని పౌలు వ్రాయుచున్నాడు. ఏమియు లేనివారిని మీరు సిగ్గుపరచుచున్నారా యని అడుగుచున్నాడు. మీరు కూడి భుజించునది ప్రభువు భోజనమే కాదని తేల్చి చెప్పుచున్నాడు. “అయోగ్యముగా” అను మాట ఈ సందర్భమున పుట్టినది. ఆ యధ్యాయమును అతడు ముగించిన తీరును గమనింపుడు. కూడివచ్చినప్పుడు ఒకరికొకరు ఆగుడని చెప్పుచున్నాడు. రోగమును కనుగొన్న వైద్యుడు దానికి తగిన మందునే యిచ్చును. ఇచ్చట మందు ఆగుట. కావున రోగము ఆగకపోవుటయే.

ప్రభువు శరీరమును వివేచింపనివాడు తన శిక్షకే తినుచున్నాడని పౌలు హెచ్చరించుచున్నాడు. ఈ “శరీరము” ఏది? రొట్టెయందు మనకనుగ్రహింపబడు క్రీస్తు శరీరమని కొందరు పండితులందురు. క్రీస్తు శరీరమైన సంఘమని కొందరందురు. ఈ రెంటిని విడదీయ నక్కరలేదని నాకు తోచుచున్నది. అదే పత్రిక పదియవ అధ్యాయములో, రొట్టె యొక్కటియే గనుక దానిలో పాలుపుచ్చుకొను మనమనేకులమైనను ఒక్క శరీరమైయున్నామని పౌలు చెప్పుచున్నాడు. పండ్రెండవ అధ్యాయములో కంటిని చేతిని పాదమును గూర్చి చెప్పి, బలహీనములైన అవయవములే మరి యవసరమైనవని బోధించుచున్నాడు. నడుమనున్న పదునొకండవ అధ్యాయములో మాత్రము ప్రక్కవాని ఊసు లేదని చదువుట ఎట్లు పొసగును? రొట్టెలో క్రీస్తును చూచి మ్రొక్కి, ప్రక్కన కూర్చున్నవానిలో ఆయన అవయవమును చూడనివాడు శరీరమును వివేచింపనివాడే.

తన్ను తాను పరీక్షించుకొనుమన్న ఆజ్ఞయు ఇట్లే అపార్థము చేయబడినది. పరీక్షించుకొని వెళ్లిపొమ్మని పౌలు వ్రాయలేదు. పరీక్షించుకొని, ఆలాగున తినవలెనని, త్రాగవలెనని వ్రాసెను. ఆ పరీక్షకు గురి భోజనమే. పాఠశాలలో పరీక్ష పెట్టునది పిల్లలను పైతరగతికి పంపుటకుగాని బడినుండి తరిమివేయుటకు గాదు. ఏ నెలకానెల బల్లకు దూరముగానుండి, ఏనాటికైన పరిశుద్ధుడనై వచ్చెదననుకొనువాడు, ఆరోగ్యము కుదిరిన తరువాత ఆసుపత్రికి పోయెదననువానివంటివాడు.

ఈ విషయములో మన పెద్దలు మనకు చక్కని దారి చూపియున్నారు. 1529లో లూథరు వ్రాసిన చిన్న ప్రశ్నోత్తరిలో, ఉపవాసము మొదలగు బాహ్యమైన సిద్ధపాటు మంచిదే గాని, ఈ శరీరమును రక్తమును నీకొరకేయన్న ప్రభువు మాటలను నమ్మువాడే నిజముగా యోగ్యుడని బోధించెను. ఆంగ్లికను ప్రార్థనా క్రమములో, బల్లక్రింద పడిన ముక్కలను ఏరుకొనుటకైనను తగమని ఒప్పుకొను ప్రార్థన యొకటి యున్నది. సురోఫెనికయ స్త్రీ ప్రభువుతో పలికిన మాటలు దానికి ఆధారము. ఆ ప్రార్థన చేసిన జనులు వెంటనే లేచి యింటికి పోరు. ముందుకు వచ్చి మోకరించి రొట్టె తీసికొందురు. అయోగ్యులమని యెరుగుటయే ఆ బల్లకు త్రోవ. ప్రభువు తొలినాటి బల్లయొద్ద నుండినదెవరు? ఆ రాత్రియే ఆయనను ఎరుగనని బొంకనున్న పేతురు. ఎవడు గొప్పవాడని వాదులాడుకొనిన శిష్యులు. యోగ్యులకొరకు ఆయన కాచుకొనియుండినయెడల ఆ రాత్రి ఆయన ఒంటరిగా భుజింపవలసివచ్చియుండును.

అట్లయిన బల్లకు రాకముందు చేయవలసినదేమియు లేదా? ఉన్నది. అది ప్రభువే కొండమీద చెప్పెను. బలిపీఠమునొద్ద కానుక నర్పించుచుండగా సహోదరునికి నీపై విరోధమున్నదని జ్ఞాపకము వచ్చినచో, కానుకను అచ్చటనే విడిచి, పోయి సమాధానపడి, పిమ్మట వచ్చి అర్పింపవలెను. ఆదిసంఘము ఈ మాటను అక్షరాల గైకొనెను. 1873లో దొరికిన “దిదఖే” అను అతిప్రాచీన గ్రంథమున, పొరుగువానితో తగవుగలవాడు సమాధానపడువరకు కూడికలో చేరరాదను కట్టడ యున్నది. ఇంచుమించు క్రీ.శ. 155లో యుస్తీను అను హతసాక్షి చక్రవర్తికి వ్రాసిన విజ్ఞాపనలో నాటి ఆదివార ఆరాధనను వర్ణించెను. రాలేకపోయినవారికి పరిచారకులు రొట్టెను ద్రాక్షారసమును ఇండ్లకు తీసికొనిపోవుచుండిరి. కలిగినవారు ఇచ్చిన కానుకతో అనాథలను, విధవరాండ్రను, రోగులను, చెరసాలలోనివారిని, పరదేశులను ఆదరించుచుండిరి. బల్లయొక్క కొన ఆ పట్టణములో చివరి గుడిసెవరకు సాగియుండెను.

తెలుగు సంఘమునకు ఈ కొరింథు పత్రికతో ప్రత్యేకమైన బాంధవ్యమున్నది. 1866లో ఒంగోలునకు వచ్చిన జాన్ ఎవరెట్ క్లౌ దొరగారు తన జీవితకథలో ఒక సంగతి వ్రాసియున్నారు. అగ్రవర్ణములవారు కొందరు ఆయనయెడల ఆదరము చూపుచుండిరి. అంతలో అంటరానివారని త్రోయబడిన మాదిగ జనులు ప్రభువును నమ్మి రాసాగిరి. వారిని చేర్చుకొనినయెడల మేము దూరమగుదుమని అగ్రవర్ణములవారు తెలియజేసిరి. ఏమి చేయుటకు తోచక దొరగారును దొరసానిగారును వేర్వేరు గదులలో ప్రార్థించుచు వేదమును తెరువగా, ఇద్దరికిని ఒకే భాగము కనబడెను. అది ఈ పత్రిక మొదటి యధ్యాయములో, లోకములో నీచులైనవారిని దేవుడు ఏర్పరచుకొనెనను భాగము. వారు వెనుదీయలేదు. 1878 జూలై 3వ తేదీన ఒక్క దినముననే 2,222 మంది బాప్తిస్మము పొందుటకు ఆనాటి నిర్ణయమే త్రోవతీసినది. ఆ పత్రిక మొదటి యధ్యాయమునుబట్టి తలుపు తెరచిన సంఘము, దాని పదునొకండవ అధ్యాయమును మరచి బల్లను పంచుకొనజాలదు.

అయినను మరచితిమి. కులము బాప్తిస్మపు నీళ్లలో మునిగి, మనకంటె ముందుగా గట్టెక్కినది. ఫలానా కులమువారి సంఘము, ఫలానా కులమువారి గుడి అని నేటికిని కొన్ని యూళ్లలో వినుచున్నాము. ఒకే పాత్రలోనిది త్రాగినవారు పెండ్లి సంబంధమనగానే పూర్వపు ఇంటిపేరులను, కులములను విచారింతురు. కొన్ని చోట్ల సమాధుల దొడ్లు సైతము వేరు. బల్లయొద్ద పది నిమిషములు ఒక్క శరీరమై, గుమ్మము దాటగానే వేరగుట కొరింథువారికిని తెలియని విద్య. వారు లోపలనే వేరైరి.

మన క్రమశిక్షణయు ఒక ప్రక్కకు ఒరగియున్నది. వివాహ విషయములో తప్పినవానిని, త్రాగినవానిని పెద్దలు బల్లకు దూరముంచుదురు. అట్టి శిక్షణ తగదని నేననను; ఇదే పత్రిక ఐదవ అధ్యాయము దానిని నేర్పుచున్నది. అయితే ఆరవ అధ్యాయమున సహోదరునిపై సహోదరుడు న్యాయస్థానమునకు పోవుటను పౌలు గద్దించెను గదా. సంఘపు స్థలములకొరకు, పదవులకొరకు సంవత్సరములతరబడి వ్యాజ్యెమాడువారిని ఎవరు ఆపుదురు? 1961లోనే వరకట్న నిషేధ చట్టము వచ్చినను, కోడలి తండ్రిచేత పొలమమ్మించినవానిని ఎవరు ప్రశ్నింతురు? కోతకోసినవారి కూలి మొఱ్ఱపెట్టుచున్నదని యాకోబు వ్రాసిన మాటను సంస్కారపు ఆదివారమున ఎవరు చదివి వినిపింతురు? ఒంటరి పాపములకు బల్లయొద్ద కావలియున్నది. ప్రక్కవానిని నలుగగొట్టు పాపములకు త్రోవ తెరచియున్నది. పౌలు పెట్టిన కావలి ఈ రెండవదానికే.

దీనికి ఒక యాక్షేపణ కలదు. ఇట్లు బోధించినచో జనులకు పాపభయము పోవును, ఎవరు పడితే వారు బల్లకు వత్తురు అని కొందరు పెద్దలందురు. వారి యాతురతను నేను గౌరవించుచున్నాను. భయము లేని భక్తి నిలువదు. అయితే ఆలోచింపుడు. చుట్ట మానుట కష్టమా, పదియేండ్ల పగను విడిచి అన్న గుమ్మమెక్కుట కష్టమా? నెలకొకసారి కన్నీరు కార్చుట కష్టమా, నిలిపిన కూలిని లెక్కగట్టి యిచ్చివేయుట కష్టమా? ఇట్టి పరీక్ష బల్ల కట్టుబాటును సడలింపదు. దానిని మరింత బిగించును. తన దోషమునకై నిజముగా నొచ్చి మారగోరువానికి మాత్రము అది ఆదరణ నిచ్చును. నలిగిన రెల్లును విరువని ప్రభువు బల్లకు ఈ రెండు గుణములును తగినవే.

మరియు మన దేశమున ఈ విషయములో వెలుగు లేకపోలేదు. ఒక మిషను సంఘమువారు మరియొక మిషను బల్లకు చేరరాని దినములుండెను. 1919లో తరంగంబాడిలో కూడిన బోధకులు ఆ గోడను పడగొట్టవలెనని సంకల్పించిరి. దోర్నకల్లు బిషప్పు అజరయ్యగారు అందు ముఖ్యులై, జీవితాంతము పాటుపడి, ఫలము చూడకమునుపే 1945 జనవరి 1వ తేదీన కన్నుమూసిరి. 1947 సెప్టెంబరు 27వ తేదీన మద్రాసులో దక్షిణ ఇండియా సంఘము ఏర్పడి, ఆంగ్లికనులును మెథడిస్టులును ఐక్యసంఘమువారును ఒక బల్లకు వచ్చిరి. 1950లో ఆ సంఘము సిద్ధపరచిన ఆరాధనా క్రమమున, సిరియను క్రైస్తవుల ఆచారము ననుసరించి, సమాధానమును చేతినుండి చేతికి అందించుకొను పద్ధతి చేర్చబడినది. ప్రక్కవాని అరచేతులను మన యరచేతులతో పట్టుకొనిన పిదపనే రొట్టె వచ్చును. ఇంతకంటె మంచి వ్యాఖ్యానము “అయోగ్యముగా” అను మాటకు నేనెరుగను. ఆ క్షణమున ఎదుటివాని ముఖము చూడక, చేతులు మాత్రము తాకించి వదలువారమైతిమా, ఆ వ్యాఖ్యానమును చదువక పుట త్రిప్పినట్లే.

కావున సంఘపెద్దలకు నా మనవులు కొన్ని. సంస్కారపు ఆదివారమునకు ముందువారమే దానిని ప్రకటించి, ఆ వారమంతయు సమాధానపడుటకు గడువని చెప్పవలెను. పొలమునుండియు, ఇతరుల యిండ్లలో పనినుండియు వచ్చువారికి అనుకూలమగు వేళను నిర్ణయింపవలెను. ఆలస్యముగా వచ్చిన కూలి స్త్రీకొరకు పది నిమిషములు ఆగుటయు ఆరాధనలో భాగమే. బల్లయొద్దకు వచ్చుటలో పదవినిబట్టి, ధనమునుబట్టి వరుస యుండరాదు. మంచము పట్టిన విధవరాలికి ఆనాడే రొట్టె చేరవలెను. ఆ దినపు కానుకలో కొంతభాగము బీదలకని ఏర్పరుపవలెను. వీనిలో ఏదియు క్రొత్తది కాదు. వీని మూలములన్నియు పైన చెప్పిన పుటలలోనే యున్నవి.

విద్యార్థులారా, మీతో ఒక్క మాట. మన వసతిగృహమున మీరు ఒకే బంతిని కూర్చుండి, ఒకే పాత్రలోని అన్నము తినుచున్నారు. మీ ప్రక్కవాని కులమేదో ఆకలి వేళ మీకు జ్ఞాపకముండదు. చివర వచ్చినవానికి కూర మిగులదేమోయని వడ్డించువాడు గరిటె తగ్గించి వేయుట మీరు చూచియుందురు. వేదాంతమును గ్రంథములలో నేర్చుకొనుటకు మీకు ముందు చాల కాలమున్నది. ఆ గరిటెలోని వేదాంతమును మాత్రము ఇంటికి పోవునప్పుడు ఇక్కడ విడిచిపోకుడి. రేపు మీరు మీ సంఘములలో పెద్దలగుదురు. బల్లయొద్ద రొట్టె విరుచువారును మీలో కొందరుందురు. అప్పుడు, తనకు యోగ్యత లేదని వెనుక వరుసలో తలవంచుకొని కూర్చున్న ముసలమ్మను చేయిపట్టి ముందుకు పిలువుడి. ముందు వరుసలో నిబ్బరముగా కూర్చున్నవానిని, మీ అన్న ఎక్కడనున్నాడని మెల్లగా అడుగుడి.